పిత్తాశయ శస్త్రచికిత్స: కోతకు చీము పట్టకుండుట ఎట్లు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములందు నేడు పిత్తాశయమును కోసి తీయించుకొనుట వింత గాదు. నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింది పల్లెలలో 'పిత్తాశయములో రాళ్లుండెను, తీసివేసినారు' అను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఒక తరమునకు పూర్వము ఇట్టి చికిత్స కావలసినవారు హైదరాబాదునకో, విజయవాడకో, గుంటూరునకో పోవలసివచ్చెడిది. బంధువులలో ఇద్దరు ముగ్గురు పనులు మానుకొని వెంట నుండవలసివచ్చెడిది. ఇప్పుడు ఉదయమున బస్సెక్కి పోయి, ఆసుపత్రిలో ఒకటి రెండు రాత్రులుండి, మూడవనాటికి ఇల్లు చేరుచున్నారు. మహానగరములకు మాత్రమే దక్కిన విద్య చిన్న పట్టణములకు వచ్చుట హర్షింపదగినదే. అయితే ఆ విద్యతోపాటు దాని నియమములును వచ్చినవా యనుట విచారింపవలసియున్నది. ఏ యొక్క ఆసుపత్రినిగాని, వైద్యునిగాని యుద్దేశించి మేమిది వ్రాయుట లేదు. రోగియు, రోగి ఇంటివారును తెలిసికొనవలసిన విషయమును తెలియజేయుటయే మా యుద్దేశము.

కోత చక్కగా మానినచో మనుష్యుడు పదిదినములలో తన పనికి పోవచ్చును. చీముపట్టినచో వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. జీతగానికి సెలవైన నుండును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో బస్తాలు మోయు హమాలీకి ఏమున్నది? నాట్లవేళ మంచమున బడిన కౌలుదారుని పొలము ఎవరికొరకు ఆగును? మొదటి చికిత్సకు చేసిన యప్పు తీరకమునుపే రెండవ చికిత్సకు అప్పు చేయవలసివచ్చును. కావున ఈ చీము కేవలము వైద్యశాస్త్ర విషయము గాదు, సంసారముల విషయము.

పిత్తాశయము కాలేయమునకు క్రింద అంటియుండు చిన్న సంచి. కాలేయమున నూరు పైత్యరసము దీనియందు నిలువయుండి, క్రొవ్వుగల ఆహారము తిన్నప్పుడు ప్రేగులోనికి జారును. ఆ రసము పేరుకొని రాళ్లగుట, రాయి మార్గమున కడ్డుపడుట, సంచి వాచుట, ముదిరినచో కుళ్లుట, ఇది రోగక్రమము. రాళ్లుండియు బాధ యెన్నడు నెరుగనివారికి సాధారణముగా శస్త్రచికిత్స యక్కరలేదు. స్కానులో రాయి కనబడినంతమాత్రముననే భయపడి పరుగెత్తుటయు, భయపెట్టి పరుగెత్తించుటయు, రెండును తగవు. చీము పట్టకుండుటకు అన్నిటికంటె మంచి ఉపాయము అక్కరలేని కోతకు లోబడకుండుటయే. బాధ గలిగి, అది మరల మరల వచ్చుచున్నవారికి మాత్రము సంచిని తీసివేయుటయే నమ్మదగిన చికిత్స.

ఈ చికిత్సను మొట్టమొదట 1882 జూలై 15వ తేదీన బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుక్ అను వైద్యుడు చేసెను. నూరేండ్లపాటు కడుపును జానెడు కోయుటయే మార్గమై యుండెను. 1985లో జర్మనీదేశముననే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రముల ద్వారమున గొట్టము దూర్చి పిత్తాశయమును తీసెను. మన దేశమున 1990లో బొంబాయిలో డాక్టరు తెహెమ్‌టన్ ఉద్వాడియా ఈ ల్యాప్రోస్కోపీ పద్ధతిని నెలకొల్పెను. నేడు మన చిన్న పట్టణములందు జరుగుచున్నది చాలవరకు ఇదియే. కోత చిన్నదగుటచే చీముపట్టుటయు తగ్గినది. పని శుచిగా జరిగినచో నూటికి ఒకరికో ఇద్దరికో తప్ప ఈ బాధ కలుగదు. పెద్దకోతలో ఇంతకంటె హెచ్చు. కుళ్లిన సంచిని తీసినప్పుడు ఇంకను హెచ్చు.

మరి ఆ ఒక్కరిద్దరికి గాక పలువురికి చీము పట్టిన, దోష మెక్కడ? మన ప్రజలలో ఒక నమ్మకము పాతుకొనియున్నది. కోత పిమ్మట ఎన్ని సీసాల మందు నరములకెక్కించిన అంత క్షేమమని తలంతురు. అయిదుదినములు సూదులు వేసి, పిమ్మట అయిదుదినములు మాత్రలిచ్చిన వైద్యుడు శ్రద్ధగలవాడు. మూడవనాడే పొమ్మన్నవాడు అశ్రద్ధ చేసినవాడు. ఈ నమ్మకము తలక్రిందులైనది. సూక్ష్మజీవులు కోత పిమ్మట వార్డులో ప్రవేశించుటకంటె, కోత తెరచియున్న ఆ కొలదిసేపటిలో ప్రవేశించుటయే హెచ్చు. చర్మమునుండి, బొడ్డునుండి, చేతులనుండి, పనిముట్టులనుండి, తీయుచుండగా చినిగిన సంచిలోని పైత్యరసమునుండి అవి వచ్చును. తలుపు మూయవలసినది అప్పుడు. దొంగ లోపల దూరిన పిమ్మట వీధితలుపునకు పదితాళములు వేసి యేమి ప్రయోజనము?

శుచిత్వము మన దేశమునకు క్రొత్త గాదు. శస్త్రవైద్యుడు గోళ్లును వెండ్రుకలును కత్తిరించుకొని తెల్లని శుభ్రవస్త్రము ధరింపవలెననియు, వ్రణముగలవాడుండు గదిలో ఆవాలు, వేపాకు, ఉప్పు, నేయి కలిపి ధూపము వేయవలెననియు సుశ్రుతసంహితలో నున్నది. అందులో అశ్మరీచికిత్సయు వర్ణింపబడినది. దానిని చూపి పిత్తాశయపు రాళ్లను మనవారు ఆనాడే తీసిరని చెప్పువారు కలరు గాని, అది మూత్రాశయపు రాయి. ఉన్న ఘనత చాలును, లేనిది చేర్చనక్కరలేదు. ఐరోపాలో 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసవశాలకు పోవు వైద్యులు సున్నపుక్లోరిను నీటితో చేతులు కడుగుకొనవలెనని నిర్బంధించి బాలింతల మరణములను తగ్గించెను. తోడివైద్యులు ఆయనను నిరసించిరి. 1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు, బండిచక్రము ఎక్కి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలికామ్లమును పూసి, చీము లేకుండ మాన్పెను. ఆనాటికి పెనిసిలిన్ లేదు, ఏ యాంటీబయాటిక్కును లేదు. చేతులు కడుగుట, గాయమును శుద్ధిచేయుట మాత్రమే యుండెను. ఆ రెండింటితోనే వేలకొలది ప్రాణములు నిలిచినవి.

ల్యాప్రోస్కోపీకి ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. పాతకాలపు కత్తి, కత్తెర, పట్టుకారు ఉక్కుముక్కలు. వానిని ఆటోక్లేవులో పెట్టి 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించినచో ఏ సూక్ష్మజీవియు మిగులదు. ల్యాప్రోస్కోపీ పనిముట్టులు అట్లు గావు. అవి సన్నని పొడుగాటి గొట్టములు. లోపల కడ్డీలు, కీళ్లు, వెలుపల విద్యుత్తు తగులకుండ తొడుగులు. ఆ సందులలో రక్తము, మాంసపుతునకలు చిక్కుకొని యెండిపోవును. కొన్నిటిని ఉడికించిన పాడగును. కావున పలుచోట్ల వానిని గ్లూటరాల్డిహైడ్ అను ద్రావకమున ముంచి తీయుదురు. ఆ ద్రావకమున సూక్ష్మజీవులన్నియు, వాని బీజములతో సహా, నశించుటకు పదిగంటలు పట్టును. ఒక రోగికిని మరియొక రోగికిని నడుమ ఇరువది నిమిషములు మాత్రము ముంచినచో సామాన్య జీవులు చచ్చును గాని, మొండిజీవులు మిగులవచ్చును. పనిముట్టును విప్పి, లోపలి మురికిని మొదట తోమి కడుగక ముంచినచో, పదిగంటలైనను ఫలము నమ్మదగినది గాదు. ఎండిన రక్తపుపొర క్రింద జీవి సురక్షితముగా నుండును.

ద్రావకమునుండి తీసిన పనిముట్టును మరల నీటితో కడుగవలెను. ఆ నీరెట్టిది? నీరు తేటగానున్నంతమాత్రమున మంచిది గాదను సంగతి నల్లగొండవారికి మేము చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీరు కంటికి తేటయే. తరతరముల యెముకలను వంచినది. కుళాయినీటియందు క్షయజాతికి చెందిన కొన్ని సూక్ష్మజీవులుండును. త్రాగినవారికి అవి సాధారణముగా నేమియు చేయవు. కాని ఆ నీట కడిగిన పనిముట్టుతోపాటు కడుపుగోడలో ప్రవేశించినచో అచ్చట నిలిచి పెరుగును. మన దేశమున ఒక ఆసుపత్రిలో ఆరువారములలో 35 మంది ల్యాప్రోస్కోపీ రోగులకు ఇట్లు చీముపట్టగా, పరిశోధించి చూచినప్పుడు పనిముట్టులను కడిగిన నీరే మూలమని తేలిన వృత్తాంతము 2006లో వైద్యపత్రికలో వెలువడినది.

ఈ జాతి చీము మిక్కిలి మోసకారి. కోత మానును, కుట్లు తీయుదురు, రోగి పొలము పోవుచుండును. మూడు నాలుగు వారములకో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఆలస్యముగనో, బొడ్డుప్రక్క చిన్న గడ్డ లేచును. జ్వర ముండదు. గడ్డ పగిలి నీరువంటి రసి కారును. మానినట్లుండి మరల కారును. రోగి ఆ మందు ఈ మందు మార్చుచుండును. సామాన్యపు యాంటీబయాటిక్కులు దీనికి పనిచేయవు. రసిని ప్రయోగశాలకు పంపి, క్షయజాతి జీవులకొరకు ప్రత్యేకముగా పరీక్ష చేయింపవలెను. సామాన్య పరీక్షలో అవి కనబడకపోవచ్చును. జీవి యేదో తెలిసిన పిమ్మట తగిన మందులను నెలలతరబడి వాడవలెను. ఇరువది నిమిషముల తొందర ఆరు నెలల దుఃఖమగుట ఇట్లు.

తొందర ఫలము ఇంతకంటె దారుణముగా నుండుటయు మన రాష్ట్రము చూచినది. 2022 ఆగస్టు 25వ తేదీన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో ఒక్కదినమున 34 మంది స్త్రీలకు ల్యాప్రోస్కోపీతో కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. కొలదిదినములలో నలుగురు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి కాపాడవలసివచ్చెను. సూక్ష్మజీవుల సంక్రమణమే కారణమని విచారణలో తేలెను. అది పిత్తాశయ శస్త్రచికిత్స గాదు, అంతకంటె చిన్నది. అయినను కడుపులోనికి పోవు గొట్టము ఆ జాతిదే, దానిని శుద్ధిచేయవలసిన విధియు అదే. చనిపోయినవారు రోగులు గారు. ఆరోగ్యముతో నడచివచ్చిన బిడ్డలతల్లులు. ఒక్క పనిముట్టును విప్పి, తోమి, శుద్ధిచేసి, మరల అమర్చుటకు పట్టు కాలమును ఆనాటి శస్త్రచికిత్సల సంఖ్యతో హెచ్చించి చూడవలెను. ఆ లెక్క దినమునకు సరిపోనిచోట ఎక్కడనో ఒక నియమము తగ్గితీరును.

కావున శస్త్రచికిత్సకు పోవువారు వైద్యుని అడుగవలసిన మొదటి ప్రశ్న ఖర్చును గూర్చినది గాదు. 'అయ్యా, తమవద్ద ఎన్ని సెట్లు పనిముట్టులున్నవి? ఒక్కదినమున ఎన్ని ఆపరేషనులు చేయుదురు? పనిముట్టులను ఎట్లు శుద్ధిచేయుదురు?' అని వినయముగా అడుగవచ్చును. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి చూచి, నలుగురినడిగి కొను రైతు తన కడుపు కోయించుకొనునప్పుడు ఒక్కమాట యడుగుటకు జంకుట మాకు వింతగా దోచును. మంచివైద్యుడు ఈ ప్రశ్నకు కోపగింపడు. కోపగించినచో అదియు ఒక సమాధానమే.

ఇక యాంటీబయాటిక్కులమాట. ఇవి ఎంత గొప్ప వరమో తెలుగువారికి వేరుగ చెప్పవలసినది లేదు. 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున, భీమవరమున జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున కనుగొనబడినది. ఆ సంవత్సరముననే ఆయన మరణించెను. అట్టి మందులను మనము నేడు మజ్జిగవలె త్రాగుచున్నాము. కోతకు చీముపట్టకుండ ఈ మందు ఈయవలసినచో, దానికి వేళ యున్నది: కోతకు పూర్వము రెండుగంటలలోపల, సాధారణముగా మత్తునిచ్చు సమయమున, ఒక్కసారి. కత్తి చర్మమును తాకునప్పటికి మందు రక్తమున నిండియుండవలెను. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట నివారణకొరకు మందును పొడిగింపరాదని ప్రపంచారోగ్యసంస్థ 2016లో స్పష్టముగా చెప్పినది. ఇతర రోగములు లేని మనుష్యునికి, వాపులేని పిత్తాశయమును ల్యాప్రోస్కోపీతో తీయునప్పుడు ఆ ఒక్కమోతాదును అక్కరలేకపోవచ్చునని 2013 నాటి అమెరికా మార్గదర్శకములు చెప్పుచున్నవి. సంచి అప్పటికే కుళ్లియున్నచో, పైత్యనాళమున చీమున్నచో సంగతి వేరు. అప్పుడు ఇచ్చునది నివారణ గాదు, చికిత్స. ఎన్నిదినములన్నది వైద్యుడు నిర్ణయించును. అనవసరముగా పదిదినములు వాడినందువలన కోత కాపాడబడదు. ప్రేగులలోని జీవులు మందుకు అలవాటుపడి, రేపు నిజముగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవును.

శస్త్రచికిత్సకు ముందు రోగి చేయవలసిన పనులు కొన్ని గలవు. ఖర్చు లేనివగుటచే గాబోలు, వీనిని ఎవరును లెక్కచేయరు. ముందురాత్రిగాని, ఆ ఉదయమునగాని సబ్బుతో ఒడలంతయు తోముకొని స్నానము చేయవలెను. బొడ్డును ప్రత్యేకముగా శుభ్రపరచుకొనవలెను. ల్యాప్రోస్కోపు ప్రవేశించునది సాధారణముగా ఆ చోటనే. ఏండ్లతరబడి పేరుకొనిన మట్టి నూనెతో కలిసి అచ్చట రాయివలె గట్టిపడియుండుట అరుదు గాదు. పొట్టమీది వెండ్రుకలను ముందురాత్రి మంగలికత్తితో గీయించుట పాత యలవాటు, చెడ్డ యలవాటు. కంటికి కనబడని గాట్లుపడి, తెల్లవారునప్పటికి ఆ గాట్లలో జీవులు పెరుగును. వెండ్రుకలు అడ్డముగా లేనిచో తీయనేవలదు. తీయవలసినచో కత్తిరింపుయంత్రముతో కత్తిరింపవలెను.

మధుమేహము గలవారు రక్తములోని చక్కెరను అదుపులోనికి తెచ్చుకొని పోవలెను. శస్త్రచికిత్స వేళ డెసిలీటరునకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మేలు. అత్యవసరము గానిచో, చక్కెర దిగువరకు ఒకటి రెండు వారములు ఆగుటలో నష్టము లేదు. చుట్ట, బీడి, సిగరెట్టు నాలుగువారములముందే మానవలెను. పొగ త్రాగువాని కోతకు రక్తము చాలినంత అందదు. ఆసుపత్రి చేయవలసినవి వేరుగ నున్నవి: చర్మమునకు ఆల్కహాలు కలిసిన క్లోర్‌హెక్సిడిను పూసి ఆరనిచ్చుట, రోగి శరీరము చల్లబడకుండ కాపాడుట, కుళ్లిన సంచిని రంధ్రమునుండి ఊరక లాగక ప్లాస్టిక్‌సంచిలో వేసి తీయుట. ఇవి వైద్యులెరిగినవే. ఎరిగినదానిని ప్రతిసారి చేయుటకే ప్రపంచారోగ్యసంస్థ 2008లో ఒక పట్టికను ప్రకటించినది. కోతకు ముందు మందిచ్చితిమా, పనిముట్టులు శుద్ధియైనవా యని ఒకరు పైకి చదువగా మరియొకరు బదులు చెప్పవలెను. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని వాడి చూడగా, కోతకు చీముపట్టుట నూటికి 6.2నుండి 3.4కు తగ్గినదని 2009లో వెలువడిన నివేదికలో నున్నది. క్రొత్త యంత్రములేదు, క్రొత్త మందులేదు, ఒక కాగితము.

ఇల్లు చేరిన పిమ్మట మన బంధుప్రీతి మొదలగును. బస్సు దిగినవారు దిగినట్లు వచ్చి మంచముమీదనే కూర్చుండి, కట్టు విప్పి చూపుమందురు. బ్రెడ్డు, పండ్లు తెచ్చుట మంచిదే; చేతులు కడుగుకొనక కట్టును ముట్టుట మంచిది గాదు. మరియొకటి పథ్యము. పప్పు తినిన చీముపట్టునని, గ్రుడ్డు తినిన కుట్లు విడుననియు చెప్పి, రోగికి నెలదినములు చారన్నము పెట్టుదురు. ఇది నిరాధారము మాత్రమే గాదు, హానికరము. తెగిన కండ అతుకుటకు మాంసకృత్తులు కావలెను. అవి పప్పులో, పాలలో, గ్రుడ్డులోనే యున్నవి. కొన్నాళ్లు నూనెవేపుళ్లు తగ్గించుట చాలును. కోతమీద పసుపు, కొబ్బరినూనె, బూడిద, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. రెండుదినములు కట్టును తడియకుండ ఉంచి, పిమ్మట వైద్యుడు అనుమతించిన స్నానము చేసి, మెత్తగా అద్ది ఆరబెట్టవలెను.

పల్లెలలో కట్టుమార్చు పని గ్రామవైద్యునిదగుచున్నది. ఆయనను నిందించుట సులభము. అర్ధరాత్రి పిలిచిన పలుకువాడు ఆయనయే యనుట మేమెరుగుదుము. అయితే ఒక ఇంట పట్టిన పట్టుకారును తుడిచి మరియొక ఇంట పట్టుట, రసి కారుచున్నచో ఎర్రసూది వేసి పంపుట ఆయన మానవలెను. రసి కనబడిన దినముననే రోగిని కోసిన వైద్యునివద్దకు పంపుట ఆయన చేయదగిన గొప్ప యుపకారము. కోతచుట్టు ఎర్రబడుట, వేడి, తగ్గవలసిన నొప్పి హెచ్చుట, జ్వరము, కన్నులు పచ్చబడుట, కడుపు ఉబ్బుట, వాంతులు - వీనిలో ఏది కనబడినను మరునాటివరకు ఆగరాదు. చివరి మూడును పైచీము లక్షణములుగాక, లోపల పైత్యరసము కారుట వలన గావచ్చును, అది ప్రాణాపాయము.

సూర్యాపేటలోను నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సూక్ష్మజీవశాస్త్ర శాఖ లేని వైద్యకళాశాల యుండదు. ఈ మూడు పట్టణముల వైద్యసంఘములవారు ఆ శాఖలతో మాటలాడి, కోతలనుండి కారిన ప్రతి రసిని అచ్చటికి పంపు ఏర్పాటు చేసినచో, ఏ జీవి యెక్కడనుండి వచ్చుచున్నదో ఏడాది తిరుగకమునుపే తెలియును. లెక్కపెట్టుటయు కష్టము గాదు. చీము చాలవరకు రోగి ఇల్లు చేరిన పిమ్మట ముప్పదిదినములలోపల బయటపడును. అందువలన ఆసుపత్రి పుస్తకములో అది కనబడదు. రోగి మరియొక వైద్యునివద్దకు పోయియుండును. ఆసుపత్రిలోని నర్సు ముప్పదియవనాడు ఒకసారి, తొంబదియవనాడు మరియొకసారి రోగికి ఫోను చేసి, 'కోత మానినదా? బొడ్డువద్ద గడ్డగాని, రసిగాని కలదా?' అని అడిగి పుస్తకములో వ్రాసికొనిన చాలును. కోదాడలో ఒక ఆసుపత్రివారు మొదలుపెట్టిన, మిర్యాలగూడవారు వెనుకబడి యుండరు.